బొడ్డుతాడు రక్తాన్ని మంచులా గడ్డకట్టించి మళ్ళీ కరిగిస్తే స్టెమ్ సెల్స్ బతుకుతాయా?

మే నెలలో బల్లార్షాలో మీ ఆవిడకి డెలివరీ అన్నారు, ఎవరో ఏజెంటు కార్డ్ బ్లడ్ (బొడ్డుతాడు రక్తం) దాచుకోండి అని వెంటపడుతున్నాడన్నారు, అన్నేళ్ళు మంచులో పెట్టి తీస్తే అందులోని స్టెమ్ సెల్స్‌లో, అంటే కొత్త రక్తకణాల్ని పుట్టించే మూలకణాల్లో, ప్రాణముంటుందా అని అడిగారు. నాదీ చంద్రపూర్ జిల్లానే. కొన్నాళ్ళు హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో ఈ బ్యాగులు కరిగించే పనే చేశాను.

ప్రాణముంటుంది. మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో ఉన్నన్నాళ్ళూ వాటికి పెద్దగా ఏమీ కాదు, ఇరవై ఏళ్ళు దాటిన బ్యాగుల్లోనూ పనికొచ్చే కణాలు దొరికాయి. దెబ్బంతా గడ్డకట్టేటప్పుడూ కరిగేటప్పుడూనే. గబగబా చల్లారిస్తే కణంలోపలి నీరే మంచై పొరని చీల్చేస్తుంది, మరీ నెమ్మదిగా అయితే నీరంతా బయటికి పోయి కణం వడలిపోతుంది. అందుకే కణాల్ని మంచు దెబ్బనుంచి కాపాడే డీఎంఎస్‌ఓ అనే రసాయనం సుమారు 10 శాతం కలిపి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున దించుతారు.

కరిగించేటప్పుడు మాత్రం తొందరే, ఎందుకంటే ఆ డీఎంఎస్‌ఓ వెచ్చబడ్డాక కణాలకే విషం. బయటికి తీసిన బ్యాగు పెళుసుగా ఉంటుంది, పట్టు తప్పితే పగులుతుంది. ఇంకో కవర్లో పెట్టి 37 డిగ్రీల నీళ్ళలో వేళ్ళతో మెల్లగా కదుపుతూ, ఇంకా కాస్త మంచు పలుకులు తగులుతుండగానే తీసేయాలి. లోపల ఎర్రకణాలు చాలావరకు పగిలిపోతాయి, చచ్చిన తెల్లకణాల డీఎన్ఏ జిగటగా ఉండలు కడుతుంది, కొత్తవాళ్ళు చూసి అంతా పోయిందనుకుంటారు. స్టెమ్ సెల్స్ వాటికంటే మొండివి.

ఏజెంటు చూపించే కణాల అంకె మామూలుగా గడ్డకట్టించక ముందుది. కరిగించాక ఎన్ని మిగులుతాయో అడగండి. అదీ రంగు వేసి లెక్కపెట్టిన అంకె ఒక్కటే చాలదు, అప్పుడు బతికున్నట్టు కనిపించినవి కొన్ని గంటల్లో చచ్చిపోతాయి. రెండు వారాలు పెంచి చూసే కాలనీ టెస్టు ఉందా అనడగాలి. బ్యాగుకి అంటుకునే ఉండే చిన్న ట్యూబు ముక్కని కరిగించి ఇది చేయొచ్చు, అసలు బ్యాగుని ముట్టుకోనక్కర్లేదు.

ఇక మన ఎండలు. మేలో చంద్రపూర్ 45 దాటుతుంది, సేకరించిన రక్తం మామూలుగా 48 గంటల్లోపు ల్యాబ్‌లో ప్రాసెస్ అవ్వాలి. కొరియర్ వ్యాన్‌లో మగ్గిపోకూడదు, అలాగని ఫ్రీజర్లోంచి తీసిన ఐస్ ప్యాక్‌కి నేరుగా తగిలేలా పెట్టినా డీఎంఎస్‌ఓ లేకుండా గడ్డకట్టి కణాలు చావొచ్చు. నాకు ఫ్రీజర్ కంటే ఈ ప్రయాణమే ఎక్కువ టెన్షన్.

ఇంకోటి. మన వైపు, గడ్చిరోలి వైపు సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తజబ్బు) ఎక్కువ. ఆ జబ్బుతో పుట్టిన బిడ్డ సొంత రక్తంలోనూ అదే లోపం ఉంటుంది, ఎంత బాగా దాచినా ఆ జబ్బుకి పనికిరాదు. రేపెప్పుడో తనకే పనికొస్తుందని దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని 2017లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కూడా చెప్పింది. ఇంట్లో ముందే జబ్బున్న పిల్లో పిల్లాడో ఉంటే వేరే మాట: 1988లో పారిస్‌లో జరిగిన మొదటి కార్డ్ బ్లడ్ మార్పిడిలో చెల్లెలి రక్తాన్నే అన్నకి ఎక్కించారు, అదీ అమెరికాలో గడ్డకట్టించి తెచ్చిందే. మీకు అలాంటి పరిస్థితి లేకపోతే ఆ డబ్బు నేనైతే కట్టను. ముందు మీరిద్దరూ సికిల్ టెస్టు చేయించుకోండి.