తక్కువ బడ్జెట్‌లో హీట్ పంప్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే బాధ చెప్పుకున్నాయి. చలికాలం కరెంటు బిల్లు భరించలేకపోతున్నారు, హీట్ పంప్ పెట్టుకుందామంటే కొటేషన్లు భయపెడుతున్నాయి. నిజానికి చాలా కొటేషన్లు పెద్దవిగా ఉండటానికి కారణం అందులో రాసిన యంత్రం అవసరానికి మించి పెద్దది కావడమే. అందుకే సైజు గురించిన జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది. అది ఓపిగ్గా చదవండి.

ఇంట్లో ఏసీ ఉంది. హీట్ పంప్ అంటే అదేనని ఒకరు, పూర్తిగా వేరని ఒకరు చెబుతున్నారు. ఏది నిజం?

లోపలి యంత్రం ఒకటే. కంప్రెసర్, రెండు కాయిల్స్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, వాటిలో తిరిగే గ్యాస్. ఏసీ ఇంట్లోని వేడిని బయటికి మోస్తుంది. అందులో ఫోర్‌వే వాల్వ్ కూడా ఉంటే గ్యాస్ దారి తిరగబడి, బయటి వేడిని లోపలికి మోస్తుంది. బయట సున్నా డిగ్రీలున్నా గాలిలో వేడి ఉంటుంది. గ్యాస్ అంతకన్నా చల్లగా ఉంటుంది కాబట్టి ఆ వేడి దానిలోకి చేరుతుంది. రూమ్ హీటర్ ఒక యూనిట్ కరెంటు తీసుకుని ఒక యూనిట్ వేడి ఇస్తుంది. హీట్ పంప్ అదే కరెంటుతో వాతావరణాన్ని బట్టి రెండున్నర నుంచి నాలుగు యూనిట్ల వేడి తెస్తుంది. ఈ నిష్పత్తి పేరే సీఓపీ.

రిమోట్ మీద సూర్యుడి బొమ్మ ఉంది కదా అని నమ్మకండి. కూలింగ్ మాత్రమే ఉన్న మోడల్స్‌కూ అదే రిమోట్ ఇస్తుంటారు. ఔట్‌డోర్ యూనిట్ పక్కన అతికించిన లేబుల్ మీద హీటింగ్ సామర్థ్యం రాసి ఉంటే మీ ఏసీ హీట్ పంపే. ముందు దాన్ని ఒక చలికాలం వాడి చూడండి, కొత్తది కొనే పని ఉండకపోవచ్చు.

మాది రెండు పడకగదుల ఇల్లు. ఎలక్ట్రిక్ హీటర్లు వాడుతున్నాం. షాపులో ఏడు కిలోవాట్ల యంత్రం కావాలన్నారు. ఇంటి విస్తీర్ణాన్ని బట్టి లెక్క వేశారట. నమ్మొచ్చా?

విస్తీర్ణం లెక్క ఉజ్జాయింపు మాత్రమే. ఒకే విస్తీర్ణం ఉన్న రెండిళ్లలో ఒకదానికి పైకప్పు ఇన్సులేషన్ ఉండి, రెండోదానికి లేకపోతే అవసరం రెట్టింపు తేడా రావచ్చు. మీకు అంతకన్నా మంచి కొలత చేతిలోనే ఉంది. అది మీ కరెంటు మీటరు.

బాగా చలిగా ఉన్న ఒక రోజు చూసుకోండి. ఉదయం ఆరింటికి రీడింగ్ రాసుకోండి, మర్నాడు ఉదయం ఆరింటికి మళ్లీ రాసుకోండి. ఆ 24 గంటలూ ఇల్లంతా మీకు కావలసిన వెచ్చదనంలోనే ఉంచాలి. సాయంత్రం మూడు గంటలే హీటర్ వేసుకునే ఇంట్లో ఈ లెక్క తక్కువ చూపిస్తుంది. 72 యూనిట్లు ఖర్చయ్యాయనుకుందాం. ఫ్రిజ్, వంట, గీజర్, దీపాలకు 12 తీసేస్తే 60 మిగిలాయి. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ గంట కాబట్టి అరవైని 24తో భాగిస్తే 2.5. అంటే ఆ రోజు మీ ఇల్లు సగటున 2.5 కిలోవాట్ల వేడి పోగొట్టుకుంది.

ఆ రోజు బయటి సగటు 1 డిగ్రీ, లోపల 20 డిగ్రీలు అయితే తేడా 19. మీ ప్రాంతంలో ఏడాదిలో బాగా చలి రోజు సగటు మైనస్ 5 అయితే తేడా 25. 2.5ను 25తో గుణించి 19తో భాగిస్తే సుమారు 3.3 కిలోవాట్లు. దానికి పది పదిహేను శాతం కలిపితే 3.8 దగ్గరకు వస్తుంది. ఏడు కిలోవాట్ల యంత్రం అక్కర్లేదు.

గ్యాస్ బాయిలర్ ఉన్నవారు గ్యాస్ మీటరుతో ఇదే లెక్క వేయొచ్చు. సహజవాయువు ఒక ఘనపు మీటరుకు సుమారు 10.5 యూనిట్ల వేడి పట్టండి, బాయిలర్ సామర్థ్యం 85 శాతం అనుకుంటే అందులో 85 శాతమే ఇంటికి చేరింది.

పెద్దది కొంటే నష్టం డబ్బుతో ఆగదు. ఇన్వర్టర్ కంప్రెసర్ వేగం తగ్గించుకోగలదు గానీ దానికీ అంతకన్నా తగ్గలేని ఒక హద్దు ఉంటుంది. మీ ఇంటికి ఆ పూట 0.8 కిలోవాట్లు చాలు, యంత్రం 2కు దిగువన నడవలేదు అనుకోండి. అది వెలిగి, ఆరి, మళ్లీ వెలుగుతుంది. ప్రతి స్టార్ట్‌లోనూ కరెంటు వృథా, కంప్రెసర్‌కు అరుగుదల. వేసవిలో ఇదే యంత్రం గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ మాత్రం గదిలోనే ఉండిపోతుంది. కేటలాగ్‌లో గరిష్ఠ సామర్థ్యం పక్కన కనిష్ఠ సామర్థ్యం కూడా రాస్తారు. అది ఎంత తక్కువైతే అంత మంచిది.

మీటరు లెక్కకు ముందే తలుపుల కింద సందులు, కిటికీ అంచులు మూయించండి, పైకప్పు మీద ఇన్సులేషన్ వేయించండి. ఆ తర్వాత లెక్క వేస్తే ఒక సైజు చిన్న యంత్రం సరిపోవచ్చు.

కేటలాగ్‌లో "మైనస్ 15 వరకు పనిచేస్తుంది" అని ఉంది. అది చాలదా?

పనిచేయడం వేరు, పూర్తి వేడి ఇవ్వడం వేరు. కేటలాగ్ మొదటి పేజీలో కనిపించే హీటింగ్ సామర్థ్యం సాధారణంగా బయట 7 డిగ్రీల దగ్గర కొలిచింది. మైనస్ 10 వచ్చేసరికి మామూలు మోడల్ అందులో మూడో వంతు పోగొట్టుకోవచ్చు. అడగాల్సింది సామర్థ్యం పట్టిక. అందులో 7, 2, మైనస్ 7, మైనస్ 15 దగ్గర ఎన్ని కిలోవాట్లు, ఎంత సీఓపీ అని వరుసగా ఉంటుంది. మీ చలి రోజు దగ్గర మీ లెక్క అంకె కనిపిస్తే ఆ మోడల్ సరిపోతుంది. పట్టిక ఇవ్వలేని అమ్మకందారు ఎంత డిస్కౌంట్ ఇచ్చినా వద్దు.

సీజన్ మొత్తానికి చెప్పే అంకెను కొన్ని దేశాల్లో ఎస్‌సీఓపీ అని, కొన్ని చోట్ల హెచ్‌ఎస్‌పీఎఫ్ అని రాస్తారు. రెండోదాన్ని 3.412తో భాగిస్తే సగటు సీఓపీ వస్తుంది. హెచ్‌ఎస్‌పీఎఫ్ 10 అంటే సుమారు 2.9 అన్నమాట.

మూడు గదులకు ఒకే ఔట్‌డోర్ యూనిట్, మూడు ఇన్‌డోర్ యూనిట్లు పెడితే చవకవుతుందా? మూడూ విడివిడిగా పెట్టాలా?

బయట ఒకే డబ్బా ఉంటే ఖర్చు తగ్గుతుందని అనిపించడం సహజం. చాలాసార్లు జరిగేది వేరు. మూడు గదులకు సరిపడే మల్టీ ఔట్‌డోర్ యూనిట్ పెద్దది కాబట్టి దాని కనిష్ఠ సామర్థ్యం కూడా పెద్దది. రాత్రి ఒక్క పడకగదికే వేడి కావాలంటే అది వెలిగి ఆరుతూ ఉంటుంది. పైగా మీరు ఆపేసిన గదుల్లోకి కూడా కొంచెం వేడి గ్యాస్ వెళ్తూనే ఉంటుంది. గ్యాస్ ఆ కాయిల్స్‌లో పేరుకుపోకుండా వాల్వ్‌లను పూర్తిగా మూయరు. వాడని గది వెచ్చబడుతుంది, బిల్లు మీకు వస్తుంది. ఒక గదికి కూలింగ్, మరో గదికి హీటింగ్ ఒకేసారి కుదరదు. ఔట్‌డోర్ బోర్డు పోయిందా, చలిలో ఇల్లు మొత్తం ఆగినట్టే.

అందుకే బడ్జెట్ చూసుకునేవారికి మేము చెప్పేది ఒక ఔట్‌డోర్‌కు ఒక ఇన్‌డోర్. అది కూడా మూడూ ఒకేసారి అక్కర్లేదు. ఎక్కువసేపు ఉండే హాల్లో మంచి యూనిట్ ఒకటి పెట్టి, లోపలి తలుపులు తీసి ఉంచి ఒక చలికాలం గడపండి. పడకగదికి పాత హీటర్ అప్పుడప్పుడు చాలుతుందేమో తెలిసిపోతుంది. చాలకపోతే వచ్చే ఏడాది రెండోది. ఔట్‌డోర్ యూనిట్లు పెట్టే చోటు లేని అపార్ట్‌మెంట్ అయితే మాత్రం మల్టీ తప్పదు. అప్పుడు రెండు ఇన్‌డోర్లతో ఆపండి, చిన్న గదికి పెద్ద యూనిట్ బిగించకండి.

ఇంట్లో బాయిలర్, రేడియేటర్లు ఉన్నాయి. హీట్ పంప్ పెట్టాలంటే రేడియేటర్లన్నీ మార్చాలన్నారు. తప్పదా?

ముందు పరీక్షించండి. బాగా చలి రోజున బాయిలర్ నీటి వేడిని 50 డిగ్రీలకు తగ్గించి, రోజంతా వదిలేయండి. ఏ గది వెచ్చబడలేదో ఆ గది రేడియేటరే చిన్నది. మార్చాల్సింది అదొక్కటే.

కారణం ఇది. రేడియేటర్ మీద రాసే సామర్థ్యం నీటి సగటుకూ గది గాలికీ 50 డిగ్రీల తేడా ఉన్నప్పటిది. హీట్ పంప్‌తో 50 డిగ్రీల నీరు వెళ్లి 40కి తిరిగొస్తే సగటు 45, గది 20, తేడా 25. అప్పుడు రేడియేటర్ ఇచ్చేది రాసినదాంట్లో 40 శాతమే. రెక్కలున్న రెండు ప్యానెళ్ల రేడియేటర్ అదే గోడ మీద ఆ లోటు తీర్చగలదు. నీటిని 60కి పెంచి సరిపెట్టొచ్చు గానీ సీఓపీ పడిపోతుంది. నీటి వేడి ఒక్కో డిగ్రీ తగ్గించినప్పుడల్లా కరెంటు రెండు శాతం పైన ఆదా అవుతుంది.

గ్యాస్ భాగమంతా బయటి డబ్బాలోనే ఉండే మోనోబ్లాక్ బిగించడం తేలిక. కానీ బయటి పైపుల్లో ఉన్నది నీరు. గడ్డకట్టే చలిలో కరెంటు పోతే ఆ నీరు గడ్డకట్టి లోపలి ప్లేట్ ఎక్స్‌ఛేంజర్ పగులుతుంది. నీరు గడ్డకట్టకుండా చేసే గ్లైకాల్ ద్రవం కలపాలి, లేదా నీరు 3 డిగ్రీల దగ్గరకు రాగానే తెరుచుకుని ఖాళీ చేసే యాంటీఫ్రీజ్ వాల్వ్‌లు పెట్టాలి. గ్లైకాల్ ఉంటే ఆ వాల్వ్‌లు వద్దు, ఖరీదైన గ్లైకాల్ అంతా నేలపాలవుతుంది.

మెకానిక్ రెండు గంటల్లో బిగించి వెళ్లాడు. వాక్యూమ్ పంప్ తేలేదు, "కొంచెం గ్యాస్ వదిలి గాలి తోసేశాను" అన్నాడు. ఫర్వాలేదా?

ఫర్వాలేదని చెప్పలేం. పైపుల్లో మిగిలిన గాలి కాయిల్‌లో చోటు ఆక్రమించి ఒత్తిడి పెంచుతుంది, కరెంటు ఎక్కువ తాగుతుంది. తేమ కంప్రెసర్ నూనెతో కలిసి ఆమ్లం చేస్తుంది. అది మోటార్ వైండింగ్‌ను నెమ్మదిగా తినేస్తుంది. పాడయ్యేది రెండు మూడేళ్ల తర్వాత కాబట్టి కారణం ఎవరికీ గుర్తుండదు. వదిలిన గ్యాస్ కూడా ఫ్యాక్టరీ నింపిన లెక్కలోంచి తగ్గిందే. మరొకరిని పిలిపించి గ్యాస్ మొత్తం సిలిండర్‌లోకి తీయించి, వాక్యూమ్ చేయించి, లేబుల్ మీద ఉన్న గ్రాములు తూకం వేసి నింపించండి.

బిగించేటప్పుడు పక్కన నిలబడి చూడాల్సినవి చెబుతాం. రాగి పైపును కట్టర్‌తోనే కోయాలి, రంపంతో కాదు. లోపలి అంచు గీకేటప్పుడు పైపు మూతి కిందికి ఉండాలి, లేకపోతే రాగి రజను కంప్రెసర్‌లోకి పోతుంది. ఫ్లేర్ కొట్టకముందే, అంటే పైపు మూతిని గరాటులా విప్పకముందే, నట్ ఎక్కించాలి. ఫ్లేర్ ముఖం అద్దంలా ఉండాలి, గీత కనిపిస్తే కోసి మళ్లీ కొట్టించండి. లీకులు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. నట్ ముందు చేత్తో తిరగాలి, తర్వాత రెండు స్పానర్లు, అందులో ఒకటి ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్. పావు అంగుళం పైపుకు 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు, మూడు బై ఎనిమిది అంగుళాల పైపుకు 34 నుంచి 42 వరకు సాధారణం, మాన్యువల్‌లో అంకె చూసుకోండి. బలం కొద్దీ బిగిస్తే ఫ్లేర్ పలచబడి చలికాలంలో చీలుతుంది.

తర్వాత పొడి నైట్రోజన్‌తో ఒత్తిడి పరీక్ష, జాయింట్లకు సబ్బు నురగ. ఆక్సిజన్ సిలిండర్ తెస్తే వెంటనే ఆపించండి, నూనెతో కలిస్తే పేలుతుంది. ఆపై పంప్‌తో గాలి లాగేస్తే వాక్యూమ్ గేజ్ 500 మైక్రాన్ల (అతి తక్కువ ఒత్తిడికి కొలత) కిందికి దిగాలి. పంప్ వాల్వ్ మూసి పావుగంట ఆగాలి. గేజ్ ముల్లు కొంచెం పెరిగి ఆగిపోతే తేమ మిగిలింది, పంప్ ఇంకాసేపు నడపాలి. ఆగకుండా పెరుగుతూ పోతే ఎక్కడో లీకు ఉంది. ఇదంతా నిదానంగా చేస్తే ఒక పూట పడుతుంది. ఆ పూట కూలి అడిగితే బేరమాడకండి. యంత్రం బ్రాండ్‌లో ఒక మెట్టు దిగైనా ఈ పనికి డబ్బు పెట్టండి.

చలికాలంలో ఔట్‌డోర్ యూనిట్ హఠాత్తుగా ఆగి పొగలు కక్కుతుంది, లోపల చల్లబడుతుంది. చెడిపోయిందా?

అది పొగ కాదు, ఆవిరి. బయటి కాయిల్ మీద మంచు పేరుకున్నప్పుడు యంత్రం కొన్ని నిమిషాలు దిశ మార్చి ఆ మంచును కరిగిస్తుంది. బుస్సుమనే చప్పుడు ఫోర్‌వే వాల్వ్‌ది. తేమగా ఉండి సున్నాకు అటూ ఇటూ ఉన్న రోజుల్లో గంట గంటకూ రావచ్చు, మంచి ఎండ పొడి చలిలో తక్కువ.

అనుమానించాల్సింది కరగని మంచును. కాయిల్ ఒక పక్కే మంచు పడితే గ్యాస్ తగ్గి ఉండొచ్చు. అడుగున గడ్డ పెరుగుతూ ఫ్యాన్ రెక్కకు తగులుతుంటే నీరు బయటికి పోవడం లేదు. గడ్డకట్టే చోట్ల అడుగున డ్రెయిన్ ఎల్బో (నీరు పోయే వంపు గొట్టం) బిగించకూడదు, అది మొదట మూసుకుపోతుంది. యూనిట్‌ను నేల నుంచి కనీసం 30 సెంటీమీటర్లు ఎత్తులో, మంచు కురిసే చోట ఆ మంచు మట్టానికి పైన పెట్టండి. గడ్డను చాకుతో కొట్టకండి, అల్యూమినియం రెక్కల వెనకే గ్యాస్ పైపు ఉంటుంది. యంత్రం ఆపి గోరువెచ్చని నీళ్లు పోయండి.

రాత్రి ఆపేసి పొద్దున వేసుకుంటే ఆదా అవుతుందా?

హీటర్‌తో అయ్యేంత కాదు. పొద్దున అత్యంత చలి వేళ యంత్రం పూర్తి వేగంతో పరుగెత్తాలి, ఆ వేగంలో సీఓపీ తక్కువ. రెండు డిగ్రీలు తగ్గించి నడవనివ్వండి. ఫ్యాన్ ఆటోలో ఉంచండి, ఫిల్టర్ రెండు మూడు వారాలకోసారి కడగండి.

ఆర్-410ఏ గ్యాస్‌తో నడిచే పాత స్టాక్ యూనిట్ సగం ధరకు ఇస్తామంటున్నారు. వాడిన యూనిట్ కూడా ఒకటి దొరికింది.

ఆర్-410ఏ భూతాపం పెంచే శక్తి కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే 2088 రెట్లు, కొత్త యూనిట్లలో వాడే ఆర్-32ది 675 రెట్లు. ఆ కారణంగా చాలా దేశాలు మొదటిదాన్ని దశలవారీగా తగ్గిస్తున్నాయి. రేపు లీకైతే నింపే గ్యాస్ ఖరీదవుతుంది. తేడా నిజంగా సగమైతే, విడిభాగాలు దొరుకుతాయని రాతపూర్వకంగా ఇస్తే ఆలోచించండి. వాడిన యూనిట్ మాత్రం వద్దు. విప్పేటప్పుడు తేమ వెళ్లిందో లేదో చూసి చెప్పే దారి లేదు.

స్నానాల నీటికి హీట్ పంప్ గీజర్ లాభమా?

100 లీటర్ల నీటిని 20 నుంచి 50 డిగ్రీలకు తేవాలంటే 3.5 యూనిట్ల వేడి కావాలి. మామూలు గీజర్ అంత కరెంటూ తీసుకుంటుంది, సీఓపీ 3 ఉన్నది 1.2 తీసుకుంటుంది. నలుగురున్న ఇంట్లో రోజూ ఆ తేడా మిగులుతుంది. కానీ ఇది నిదానం మనిషి. 500 వాట్ల కంప్రెసర్ గంటకు ఒకటిన్నర యూనిట్ల వేడే తెస్తుంది. 200 లీటర్ల ట్యాంకు నిండా వేడెక్కడానికి నాలుగున్నర గంటలకు పైనే. అందుకే ట్యాంకు పెద్దది కొని, మధ్యాహ్నం గాలి వెచ్చగా ఉన్నప్పుడు నడిచేలా టైమర్ పెట్టండి. చిన్న స్టోర్‌రూమ్‌లో మూసి పెడితే తన చల్లగాలి తనే పీల్చి సామర్థ్యం పోగొట్టుకుంటుంది. 20 ఘనపు మీటర్లకు తగ్గని గది, లేదా బయటికి డక్ట్ కావాలి. వారానికోసారి నీటిని 60కి చేర్చే సెట్టింగ్ ఆన్ చేసి ఉంచండి, గోరువెచ్చని ట్యాంకులో లెజియోనెల్లా బాక్టీరియా పెరగకుండా అదే కాపలా. ఉప్పునీరైతే యానోడ్ రాడ్‌ను (ట్యాంకు తుప్పు పట్టకుండా తాను అరిగే కడ్డీని) ఏడాదికోసారి తీసి చూడండి. పెన్సిల్ మందానికి అరిగిపోయి ఉంటే మార్చాల్సిందే.