ఉప్పునీటి అక్వేరియంలో మొదటి చేప ఎప్పుడు?

ప్రశ్న: ఇంట్లో పగడాల అక్వేరియం కొత్తగా అమర్చాను. ఉప్పునీరు తేటగా కనిపిస్తోంది. చేపలను, పగడాలను ఇప్పుడే వదలవచ్చా?

జవాబు: దయచేసి తొందరపడకండి. నీరు తేటగా ఉన్నంత మాత్రాన సురక్షితమని అనుకోలేము. చేపల విసర్జనల నుంచి వచ్చే అమ్మోనియా వాటికే విషం. దానిని నైట్రైట్‌గా, ఆపై అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్లపైన, ఇసుకలోన స్థిరపడడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంతవరకు చేపలు లేకుండానే కొద్దిగా అమ్మోనియా కలిపి, టెస్ట్ కిట్‌తో పరీక్షిస్తూ, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు చేరిన తరువాతే ఒకటి రెండు చేపలను వదలండి. పగడాలు ఇంకా సున్నితమైనవి. వాటికి ఉష్ణోగ్రత, లవణీయత నిలకడగా ఉండాలి. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు కనుక, తగ్గిన మేరకు శుద్ధిచేసిన మంచినీటినే పోయండి.