బయట తాగొచ్చినా బిడ్డకు పొగ తగులుతుందా?

కావలి నుంచి అడిగిన చెల్లెమ్మకు,

రెండేళ్ళ బాబుకు చలికాలం వస్తే చాలు పిల్లికూతలు, నెలకోసారి నెబులైజర్ పెట్టించాల్సి వస్తోందని రాశారు. మీ వారు ఇంట్లో తాగరు, బాల్కనీలోకి పోయి తాగొస్తారు. మీ అత్తగారేమో "మీ మామ చుట్ట కాలుస్తూనే నలుగురిని పెంచాడు, ఎవరికేమైంది" అంటున్నారు. బాబు ఆయాసానికీ ఆ సిగరెట్టుకూ సంబంధం ఉందా, ఉంటే ఆయనకు ఎట్లా చెప్పాలి అన్నది మీ ప్రశ్న. నేను డాక్టర్ని కాదు. పదమూడేళ్ళు సిగరెట్ తాగి మానేసిన తండ్రిని. మీ వారి మనసులో ఏముంటుందో నాకు తెలుసు కాబట్టి రాస్తున్నా.

మాది టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు మా ఇంటి పంట. నాయన బ్యారన్ (పొగాకు ఆరబెట్టే కొట్టం) మీద వచ్చిన డబ్బులతోనే నన్ను ఒంగోలులో చదివించాడు. ఆకు రెలిచే రోజుల్లో ఇంటిల్లిపాదీ చేలోనే ఉండేవాళ్ళం. మంచుకు తడిసిన పచ్చాకు మోసిన రోజు మా అమ్మకు కళ్ళు తిరిగి వాంతులయ్యేవి. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చేవాళ్ళం. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగితే అట్లా అవుతుందని నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. పొద్దున లేచింది మొదలు పొగాకు మధ్యే పెరిగాం గనక, దాని పొగను చూసి భయపడాలని మాకెవరికీ తోచలేదు.

మా పాప యూకేజీలో ఉన్నప్పుడు బడి నుంచి కబురొచ్చింది. పిలిస్తే పలకదు, చెప్పింది చెయ్యదు, వెనక కూర్చోబెడితే అసలు పట్టించుకోదు అన్నారు టీచరమ్మ. ఇంట్లోనూ టీవీకి ఆనుకుని కూర్చునేది, సౌండ్ పెంచమని పేచీ పెట్టేది. మొండితనం అనుకుని రెండుసార్లు కసిరాను కూడా. ఒక సాయంత్రం పాలకోవా పొట్లం తీసుకొచ్చి, పాప వెనకాల నిలబడి "బుజ్జమ్మా, కోవా తెచ్చా" అన్నాను. తిరగలేదు. బొమ్మకు రంగు వేసుకుంటూనే ఉంది. ఇంకోసారి అన్నాను, కదల్లేదు. ముందుకొచ్చి పొట్లం చూపిస్తే ఎగిరి గంతేసింది. నా చేతులు చల్లబడిపోయాయి.

చెవి డాక్టర్ చూసి కర్ణభేరి వెనక జిగురులాంటి నీరు చేరిందన్నారు. నీళ్ళలో మునిగి వింటే మాటలు ఎట్లా వినపడతాయో పాపకు అట్లా వినపడుతున్నాయట. తర్వాత మామూలుగానే "ఇంట్లో ఎవరన్నా పొగ తాగుతారా?" అని అడిగారు. "లేదండీ" అన్నాను. ప్యాకెట్ నా చొక్కా జేబులోనే ఉంది. మా ఆవిడ నా వైపు చూడలేదు, పాప జడ సర్దుతూ కూర్చుంది.

మళ్ళీ వెళ్ళి నిజం చెప్పడానికి నాకు వారం పట్టింది. ఆయన తిట్టలేదు. చీటీ వెనక బొమ్మ గీసి చూపించారు. ముక్కు వెనక నుంచి చెవి లోపలికి ఒక సన్న గొట్టం ఉంటుంది. పెద్దవాళ్ళకు అది ఏటవాలుగా ఉంటే, చిన్నపిల్లలకు పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. పొగ తగిలి లోపలి పొర వాస్తే అది మూసుకుపోతుంది, చెవిలో చేరిన నీరు కిందికి దిగదు. "జలుబులతో వస్తుంది, ముక్కు వెనకుండే అడినాయిడ్స్ అనే కండ వాచినా వస్తుంది. మీ సిగరెట్టే కారణమని నేను రాసివ్వలేను. కానీ పొగ తాగే ఇళ్ళ పిల్లల్లో ఇది ఎక్కువగా చూస్తాం" అన్నారు. మూడు నెలలు ఆగి చూద్దామని, తగ్గకపోతే చెవిలో చిన్న గొట్టం అమర్చే ఆపరేషన్ చెయ్యాలని చెప్పారు. అదృష్టం, ఆపరేషన్ దాకా పోలేదు. కానీ పాప మాట పూర్తిగా తేటపడడానికి మరో ఏడాది పట్టింది. వినపడని అక్షరాన్ని బిడ్డ ఎట్లా పలుకుతుంది చెప్పండి?

ఇప్పుడు మీ బాల్కనీ సంగతి. నేనూ ఇంట్లో తాగేవాణ్ణి కాదు, మెట్ల మీదికి పోయేవాణ్ణి. లోపల తాగడం కంటే అది నయమే, కాదనను. అయితే నికోటిన్ ఒంట్లో విరిగి కోటినిన్ అవుతుంది. పిల్లల మూత్రం పరీక్ష చేస్తే అది బయటపడుతుంది. బయటికి పోయి తాగే తల్లిదండ్రుల పిల్లల్లో అది, ఇంట్లో తాగే వాళ్ళ పిల్లల కంటే తక్కువగా, అసలు తాగని ఇళ్ళ పిల్లల కంటే ఎక్కువగా ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. బాల్కనీ తలుపు సందులోంచి పొగ వస్తుంది. సిగరెట్ ఆర్పేశాక కూడా కొన్ని నిమిషాలు ఊపిరిలోంచి వస్తూనే ఉంటుంది. తాగొచ్చి బిడ్డను భుజాన వేసుకుంటాం కదా, వాడి ముక్కు సరిగ్గా మన కాలర్ దగ్గర ఉంటుంది. గుడ్డకూ జుట్టుకూ వేళ్ళకూ పట్టిన పొగనంతా వాడు అక్కడే పీలుస్తాడు.

ఆ పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉంటాయి, వాటిలో 70 దాకా క్యాన్సర్ తెచ్చేవే. ఇంత వరకైతే ఫర్వాలేదు అనే హద్దు దీనికి లేదని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పెద్ద, సర్జన్ జనరల్ నివేదిక 2006లోనే చెప్పింది. చిన్నపిల్లలు మనకంటే వేగంగా ఊపిరి తీస్తారు, వాళ్ళ గాలిగొట్టాలు సన్నవి. కొంచెం వాపొచ్చినా గాలి ఆడక ఆ పిల్లికూత మొదలవుతుంది. ఆస్తమా ఉన్న బిడ్డకైతే పొగ ఆయాసాన్ని రేపుతుంది. న్యుమోనియా, బ్రాంకైటిస్ రావడమూ ఎక్కువే. ఊపిరితిత్తులు ఇరవై ఏళ్ళు వచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి, చిన్నప్పటి నుంచీ పొగ పీల్చిన వాళ్ళలో ఆ ఎదుగుదల తగ్గుతుంది. రెండో కాన్పు ఆలోచన ఉంటే ఇంకో మాట. గర్భిణి పక్కవాళ్ళ పొగ పీల్చినా బిడ్డ తక్కువ బరువుతో పుట్టే అవకాశం పెరుగుతుంది. పొగ తాగే ఇళ్ళలో పసికందులు నిద్రలోనే చనిపోయే ముప్పు ఎక్కువ, కాబట్టి తాగే మనిషి పసిబిడ్డను పక్కలో వేసుకోకూడదు.

మీ అత్తగారి మాట మా ఇంట్లోనూ విన్నాను. మా తాత వేపచెట్టు కింద నులక మంచం మీద చుట్ట కాల్చేవాడు, పొగ గాలికి పోయేది. వయసు మీదపడి వరండాలోకి మారాక, సంక్రాంతికి సున్నం వేసేటప్పుడు ఆయన మంచం పైన గోడకు పట్టిన పసుపు మరక ఎన్ని పూతలేసినా మళ్ళీ తేలేది. మా మేనత్తకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. ఆమె ఆ వరండాలోనే పడుకునేది. ఆ రెంటినీ కలిపి ఆలోచించిన వాళ్ళు మా ఇంట్లో లేరు. మీ అత్తగారితో వాదానికి దిగొద్దు. ఆ మాట కొడుకు చెబితే వింటారు, మీరు చెబితే గొడవ.

ఇక మీ వారికి చెప్పడం. మా ఆవిడ చెప్పినప్పుడల్లా నాకు కోపం వచ్చేది, ఎందుకంటే అప్పటికే లోపల తప్పు చేస్తున్నానని తెలుసు. డాక్టర్ అడిగినప్పుడు మాత్రం తప్పించుకోలేకపోయాను. అందుకే ఈసారి బాబును చూపించడానికి ఆయన్నే వెంట తీసుకెళ్ళండి. పొగ సంగతి మీరు ఎత్తొద్దు, డాక్టరే అడుగుతారు. అడగరేమో అనిపిస్తే ముందుగానే నర్సమ్మ చెవిన వేయండి. ఆయన అబద్ధం చెప్పినా అక్కడ సరిదిద్దకండి. ఇంటికొచ్చాక ఆయనే తేల్చుకుంటారు.

మానేదాకా ఇంట్లో కొన్ని పెట్టుకోండి. తాగడానికి వేరే చొక్కా, అది గుమ్మం బయటే ఉండాలి. వచ్చాక చేతులు, మొహం కడుక్కుని, కాసేపాగి బిడ్డను ఎత్తుకోవాలి. కారులో అద్దాలు దించినా సరే వద్దు. ఫ్యాను వేసినా, అగరొత్తి వెలిగించినా పొగ పోదు, అగరొత్తి పొగ బాబుకు ఇంకో ఇబ్బంది. పొగ ఆగిందని బాబు మందులు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

నేను నాలుగోసారికి మానగలిగాను. మొదటి మూడు రోజులు నరకం, వారం దాటాక పట్టు సడలింది. తాగాలనిపించే తహతహ ఒక్కోసారి ఐదు నిమిషాల కంటే నిలవదు, ఆ ఐదు నిమిషాలు గడపడమే పని. నేను సోపు, లవంగం నములుతూ గేదెల దగ్గరికి పోయేవాణ్ణి. డాక్టర్ నికోటిన్ చూయింగ్ గమ్ కూడా రాశారు, అది నిజంగా పనిచేసింది. సిగరెట్ ప్యాకెట్ మీదే 1800-11-2356 అని ఉచిత నంబర్ ఉంటుంది, మానడానికి సలహా ఇస్తారు. మూడుసార్లు ఓడిపోయింది దాన్ని చూడకుండానే.

మీ వారు మగవాడితోనే మాట్లాడతానంటే ఇక్కడే కింద రాయమనండి. పగలు పొలంలో ఉంటాను, రాత్రి ఎనిమిది తర్వాత తప్పకుండా జవాబిస్తా.