ఆ కరెంటు తీగలు ఎక్కడికి పోయాయి?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. రాజమహేంద్రవరం పాత కట్టడాలను ఏళ్ల తరబడి నీటిరంగుల్లో వేసుకుంటూ పోతున్న చిత్రకారుడి గురించి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది. ఆ ముక్క చెప్పేశాను కనుక ఇక నాకు ఒళ్లు మండించిన చోటికి వస్తాను.

మూడో పేజీలో ఇలా రాశావు: ‘నగరాన్ని వికృతం చేసిన కరెంటు తీగలు, ఫ్లెక్సీలు ఆయన కుంచె దరిదాపులకు రాలేవు. ఆయన బొమ్మల్లో రాజమహేంద్రవరం తన అసలు రూపంతో దర్శనమిస్తుంది.’

ఏది అసలు రూపం? ఇన్నీసుపేట మేడ బొమ్మతో పాటు అదే మేడ ఫొటో కూడా నువ్వే పంపావు. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఫొటోలో అరుగు మీద జిరాక్సు దుకాణం ఉంది. పై వసారాను సగానికి రేకులతో మూసి ఎవరో కాపురం ఉంటున్నారు. దండెం మీద లుంగీ, పిల్లల యూనిఫారాలు ఆరుతున్నాయి. స్తంభానికి వరసగా కరెంటు మీటర్లు. పిట్టగోడ పగులులో రావి మొక్క. బొమ్మలో వీటిలో ఏదీ లేదు. రావి మొక్కను మాత్రం ఉంచాడాయన, అది అందంగా ఉంటుంది కదా!

అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించడానికి ఇళ్ల యజమానులు కోర్టుల చుట్టూ ఏళ్లకేళ్లు తిరుగుతారు. మీ చిత్రకారుడు ఒక్క పూటలో అందరినీ ఖాళీ చేయించాడు. నువ్వు చప్పట్లు కొట్టావు.

బొమ్మ తన ఇష్టం వచ్చినట్టు వేసుకునే హక్కు ఆయనకుంది, దానితో నాకు పేచీ లేదు. కానీ నువ్వు దాన్ని పదే పదే ‘రికార్డు’ అన్నావు. రికార్డు అంటే ఏమిటో అమరావతి దగ్గర తెలుసుకోవాలి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కర్నల్ మెకంజీ మనుషులు 1816 ప్రాంతంలో అక్కడి స్తూపం శిల్పాలను కాగితం మీదికి ఎక్కించారు. వాటిలో కొన్ని రాళ్లు ఆ తర్వాత ఏమయ్యాయో తెలియదు, వాటికి ఆ గీతలే దిక్కు. గీసినవాళ్లు విరిగిన పలకను విరిగినట్టే గీశారు. అంచు పోయిన చోట అంచు కల్పించలేదు. రాయిని తామే పూర్తి చేద్దామన్న సరదా వాళ్లకు పుట్టలేదు కాబట్టే ఆ కాగితాలను ఇవాళ్టికీ నమ్ముతున్నారు. ఇన్నీసుపేట మేడ రేపు కూలిపోతే, దాన్ని చివరి రోజుల్లో ఎవరు ఎలా వాడుకున్నారో మీ బొమ్మ చెప్పగలదా?

పైగా వేస్తున్నది నీటిరంగులు. ఈ పద్ధతిలో తెలుపంటే కాగితమే. సున్నం గోడ మీద ఎండ పడాలంటే అక్కడ రంగు తగలకుండా వదలాలి, ఆ సంగతి కుంచె పట్టకముందే తేల్చుకోవాలి. తైలవర్ణాలైతే తప్పు మీద ఇంకో పూత వేసి కప్పేస్తారు. ఇక్కడ కాగితం ఒకసారి పీల్చుకున్న రంగు ఓ పట్టాన వదలదు. చెరపడం కుదరని పనిని ఎంచుకున్నవాడు, మొదలుపెట్టకముందే వీధి మొత్తాన్ని చెరిపేసి కూర్చుంటున్నాడు. ఇది నీకు వింతగా అనిపించలేదా? నువ్వు అడిగిందేమో ‘మీకు స్ఫూర్తి ఎవరు?’ అని.

ఆ స్ఫూర్తి సంగతీ అనేస్తాను. ఆయన్ని ‘అపర దామెర్ల’ అన్నావు. మీ ఊరి చిత్రకారుడే ఆ దామెర్ల రామారావు. 1925లో, ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండా పోయాడు. ఆయన ధ్యాస ఎక్కువగా మనుషుల మీద. వీధిలోంచి మనుషులను పంపించేసి బొమ్మ వేసేవాడికి ఆయన పేరు ఎలా తగిలించావు? ఊళ్లో దామెర్ల గ్యాలరీ ఉంది, వెళ్లి ఓ పూట కూర్చో.

ఇంత తిట్టిన నేను రెండోసారి ఎందుకు చదివానంటే, రెండో పేజీ అడుగున అర వాక్యం ఉంది. ‘పుష్కరఘాట్ మెట్ల మీద కూర్చుని, హార్లిక్సు సీసాతో ముంచుకున్న గోదావరి నీళ్లతోనే ఆకాశం వేస్తూ’ అని రాసి, కామా పెట్టి, ఆయన పొందిన సన్మానాల్లోకి వెళ్లిపోయావు. ఆషాఢమని కూడా చెప్పావు. ఆషాఢంలో గోదావరి నీళ్లెలా ఉంటాయో ఆ ఒడ్డున పుట్టిన నీకు నేను చెప్పాలా? ఎగువన వానలు పడితే నది ఎర్రబడిపోతుంది. ఆ రోజుల్లో మా ఇంట్లో బిందె లోపల ఇండుపగింజ అరగదీసి నీళ్లు పోసేవారు, తెల్లారేసరికి మడ్డి అడుగుకు దిగేది. మీ చిత్రకారుడికి ఇండుపగింజతో పనిలేదు. ఆ ఎర్రనీళ్లలోనే నీలం కలిపి ఆకాశానికి పూత పెడతాడు. నువ్వు పంపిన బొమ్మను భూతద్దం పెట్టి చూశాను. మబ్బు అంచున, పూత ఆగిన చోట, గోధుమరంగు నలుసులు సన్నగా పేరుకుని ఉన్నాయి. అవి రంగు గొట్టంలోంచి వచ్చాయా, నదిలోంచి వచ్చాయా? బొమ్మ పూర్తయ్యేసరికి సీసా అడుగున ఎంత ఒండ్రు దిగింది? కావాలనే ఆ నీళ్లు వాడతాడా, కుళాయి దాకా వెళ్లే ఓపిక లేకనా? నాకు ఇవన్నీ కావాలి. ఏ ముఖ్య అతిథి చేత శాలువా కప్పించుకున్నాడో అక్కర్లేదు.

మన డెల్టా గాలిలో నీటిరంగు ఎలా ఆరుతుందో కూడా నువ్వు పట్టించుకోలేదు. వైశాఖంలో కుంచె కాగితం అంచుకు చేరకముందే వెనక తడి ఆరిపోయి చార పడుతుంది. ముసురు పట్టిన రోజున ఎంతకూ ఆరదు, తొందరపడి రెండో రంగు పెడితే మొదటిదానిలోకి పాకిపోతుంది. స్తంభం బొమ్మ చూడు. పెచ్చు ఊడిన చోట ఇటుక ఎరుపు చుట్టూ ఉన్న బూడిదరంగులోకి పాకింది. ఆ చెమ్మ గోడలోదే, ఆ పూట గాలిలోది కూడా. నాలుగు బొమ్మల్లోనూ నేను నమ్మిన చోటు అదొక్కటే. దాని మీద నువ్వు ఒక్క ముక్క రాయలేదు.

వీరేశలింగం గారి ఇంటి దగ్గర ‘సంస్కరణోద్యమానికి మౌన సాక్షులైన గోడలు’ అన్నావు. ఈ మౌన సాక్షులను తెలుగులోంచి ఎవరైనా దేశబహిష్కారం చేస్తే బాగుండును. 1881 డిసెంబరు 11న ఆ ఇంట్లో మొదటి వితంతు వివాహం పోలీసుల కాపలా మధ్య జరిగింది. పనివాళ్లు, వంటవాళ్లు మానేస్తే రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి వండిపెట్టారు. ఆ బిందెలు ఏ గుమ్మంలోంచి లోపలికి వెళ్లి ఉంటాయి? బొమ్మలో ఆ గుమ్మం కనిపిస్తోందా? చిత్రకారుడు వీధి వైపు ముఖం ఒక్కటే వేసి లేచిపోయాడా? గోడల మౌనం గురించి రాసే ముందు ఇవి చూడాలి.

కుర్రతనంలో అమలాపురం దగ్గర ఒక మండువా లోగిలిని విప్పేస్తుంటే చూడటానికి వెళ్లాను. కూల్చడం అనరు, విప్పడమే అంటారు, కలప కోసం. భద్రాచలం అడవుల టేకు తెప్పలుగా గోదావరిలో దిగి వచ్చిన కాలం నాటి దూలాలు. కలప వర్తకుడు ఒక్కోదాన్నీ టేపుతో కొలిచి పుస్తకంలో రాసుకుంటున్నాడు. గోడ గానుగ సున్నంతో కట్టింది. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి నూరిన ఆ సున్నం మీద గునపం ఖంగుమంటోంది తప్ప దిగడం లేదు. ఇంటి ముసలావిడ ఉయ్యాల బల్ల ఇత్తడి గొలుసులు మాత్రం తనకిమ్మని అడిగింది. వర్తకుడు కాదనలేదు. తూకం వేయించి, ఆ మేరకు డబ్బు తగ్గించి ఇచ్చాడు. ఇదంతా రాసి ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి పంపాను. సంపాదకుడు సున్నం తీసేశాడు, వర్తకుణ్ని తీసేశాడు, తూకం తీసేశాడు. ‘కన్నీరు పెట్టిన మండువా’ అని శీర్షిక పెట్టి, ఏదో వేరే ఇంటి ఫొటో వేసి, చివర ‘ప్రభుత్వం ఇకనైనా మేల్కొనాలి’ అని తన సొంత వాక్యం అతికించాడు. వెళ్లి అడిగితే ‘పాఠకులకు సున్నం ఎందుకండీ?’ అన్నాడు. ఆయన ఎప్పుడో రిటైరయ్యాడు. ఆ వాక్యం ఇంకా ఉద్యోగంలోనే ఉంది, నీ వ్యాసం ఆఖరి పంక్తిలో పని చేస్తోంది. తీసెయ్.

ఇప్పుడు వారసత్వ కట్టడాల మీద రాయడం ఫ్యాషన్. పాత తలుపు కనిపిస్తే చాలు, ఫొటో తీసి కింద నాలుగు నిట్టూర్పులు విడుస్తున్నారు. ఆ తలుపు వెనక అద్దె ఎంతో, మరుగుదొడ్డి ఎక్కడో ఎవరూ అడగరు.

ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లు. ఒక్క బొమ్మ తీగలతో సహా వేయమని అడుగు. ఒప్పుకోకపోవచ్చు. తడి ఆకాశం ఆరాక, దాని మీద సన్నకుంచెతో ఊపిరి బిగబట్టి ఒక్క లాగులో గీయాలి. చెయ్యి వణికితే ఉదయం నుంచి పడ్డ పాటంతా పోయినట్టే. ఆయన తీగలు మానేసింది అందం కోసం కాదు, ఈ భయానికే అయితే అది రాయి. నీ వ్యాసంలో ఉన్న అన్ని సన్మానాల కంటే ఆ భయం గురించి చదవడానికి నేను సిద్ధంగా ఉన్నాను. జిరాక్సు దుకాణం అబ్బాయితో కూడా మాట్లాడు. రోజూ తన ముందే కూర్చుని తనను తప్ప అన్నీ గీసుకుపోయే మనిషి గురించి అతనికి ఏదో ఒక అభిప్రాయం ఉండే ఉంటుంది.

ఏ పత్రికకు పంపాలని, బొమ్మలతో పుస్తకం వేస్తే ఎవరైనా కొంటారా అని అడిగావు. అవి తర్వాత.

రెండు దిద్దుబాట్లు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, నీ కాగితంలో 1952 అని పడింది. ఐదో పేజీలో ఆయన 2004లో హేవలాక్ వంతెన మీద వెళ్తున్న రైలును చూస్తూ స్కెచ్ వేసినట్టు రాశావు. ఆ వంతెనను 1900లో తెరిచారు, 1997లో దాని మీద రైళ్లు ఆపేశారు. ఆయన చూసింది ఆర్చి వంతెన మీది రైలైనా కావాలి, 1974 నాటి రోడ్డు-రైలు వంతెన మీదిదైనా కావాలి. ఏదో ఆయన్నే అడిగి దిద్దు.

ఆశీస్సులతో.