పంపు వదిలిన మొదటి పది నిమిషాల నీళ్లు: మా వీధిలో జరిగింది

మీరు అడిగింది ఇదీ: ఊళ్లో పైపులైను వేసి ముప్పై ఏళ్లు దాటింది, పంపు వదలగానే కాసేపు నీళ్లు ఎర్రగా, ఏదో వాసనతో వస్తున్నాయి, తర్వాత తేటపడుతున్నాయి. తేటపడ్డాక పట్టుకుని తాగొచ్చా, లేక క్యాన్ కొనుక్కోవాలా అని. ముందు జవాబు చెప్పేస్తాను. ఎరుపు ఒక్కటే అయితే ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు. వాసన కూడా ఉందన్నారు కాబట్టి, పరీక్ష చేయించేదాకా కాచకుండా ఒక్క గ్లాసు కూడా తాగకండి. తేటగా కనిపిస్తున్నాయని నమ్మొద్దు. మేమూ అలాగే నమ్మాం.

మాది పల్నాడు వైపు చిన్న ఊరు, మూడు వందల గడప ఉంటుంది. బోరు నీళ్లు ట్యాంకుకి ఎక్కించి పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట వదులుతారు. నేను డ్వాక్రా గ్రూపులో ఉన్నాను. జలజీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి నీళ్ల పరీక్ష కిట్టు వాడటం నేర్పించారు, వాళ్లలో నేనూ ఒకదాన్ని. నేర్చుకుని వచ్చాక ఆ పెట్టె నెలల తరబడి మా బీరువా మీదే ఉండిపోయింది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

2025 వానాకాలంలో మా వీధి చివర నాలుగిళ్లలో, మూడు రోజుల్లోనే ఆరుగురికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వాళ్లలో మా అక్క కొడుకు ఒకడు, నాలుగేళ్ల వాడు. కళ్లు లోపలికి పోయాయి, నాలుక పిడచకట్టుకుపోయింది, ఏడుస్తుంటే కన్నీళ్లు రాలేదు. ఆసుపత్రిలో సెలైన్ పెట్టి నిలబెట్టారు. పక్క ఊరి పెళ్లి భోజనం పడలేదన్నారు అందరూ. కానీ ఆ పెళ్లికి వెళ్లనివాళ్లు కూడా మంచాన పడ్డారు. జబ్బుపడిన ఇళ్లన్నీ ఒకే లైను మీద, వరసగా ఉన్నాయి.

ఆ రోజు కిట్టు కిందికి దించాను. ట్యాంకు దగ్గర పంపులో నీళ్లు పట్టి క్లోరిన్ చుక్కలు వేస్తే పసుపు రంగు వచ్చింది. మా వీధి మొదట్లో లేత పసుపు. చివరి ఇంటి దగ్గర అసలు రంగే మారలేదు. లీటరు నీళ్లలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. ట్యాంకులో ఉన్నది దారిలో ఏమైపోయినట్టు? మధ్యలో ఎక్కడో మురికి కలుస్తోంది, క్లోరిన్ దానికే ఖర్చయిపోతోంది. అదే ఇంటి నీళ్లు బ్యాక్టీరియా పరీక్ష సీసాలో గీత దాకా పోసి పెట్టాను. రాత్రి పడుకునేటప్పుడు తేనె రంగులో ఉన్నాయి, తెల్లారేసరికి సిరాలా నల్లగా ఉన్నాయి, అంటే నీళ్లలో బ్యాక్టీరియా ఉన్నట్టే. ఆ సీసా పట్టుకుని పంచాయతీకి వెళ్లాను. అంతకుముందు ఏడాదే, 2024 అక్టోబరులో, విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం వచ్చి ప్రాణాలు పోయిన సంగతి అందరికీ గుర్తుంది. అంతవరకు మాటలతో కదలనివాళ్లు ఆ నలుపు చూసి కదిలారు.

ట్యాంకు చూసే బాబాయికి లైను ఎటు పోతుందో చేతి మీద గీతల్లా తెలుసు. "పైపు వేసినప్పుడు ఇక్కడ సైడు కాలవ లేదమ్మాయ్, తర్వాత కట్టారు. మన పైపు కాలవ అడుగు నుంచే పోద్ది" అన్నాడు. గునపంతో మూరెడు తవ్వగానే నల్ల బురద, ముక్కు మూసుకునే కంపు. జాయింటు దగ్గర సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, దాని మీద ఇనప తీగ బిగించి ఉంది. ఎన్నేళ్ల కిందటి కట్టో, రబ్బరు పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తోంది. నీళ్లు వదిలినంతసేపు అందులోంచి సన్నగా బయటికి చిమ్మాయి. బాబాయి వాల్వు మూయించి, "ఇప్పుడు చూడు" అన్నాడు. రెండు నిమిషాలు గడిచేసరికి కాలవ నీళ్లు ఆ పగులు దగ్గర చిన్న సుడి తిరుగుతూ లోపలికి జారాయి. నేను కళ్లారా చూశాను. అక్కడే కూర్చుండిపోయాను.

పాత పైపుతో అసలు ప్రమాదం ఇదే. పైపు నిండుగా, ఒత్తిడితో ఉన్నంతసేపు పగుల్లోంచి నీళ్లు బయటికి పోతాయి. ఆపగానే లైను ఖాళీ అవుతుంది, చుట్టూ ఉన్న మురుగు లోపలికి వస్తుంది. రోజుకి రెండు గంటలు నీళ్లు ఇచ్చే ఊళ్లో మిగతా ఇరవై రెండు గంటలూ దానికి దారి తెరిచే ఉంటుంది. పొద్దున వాల్వు తిప్పగానే ముందు బిందెలోకి వచ్చేది అదే. పంపుకి నేరుగా మోటారు బిగిస్తే ఇంకా ఘోరం, నీళ్లు వచ్చే టైములో కూడా పక్క పగుళ్లలోంచి మురుగును లాగేస్తుంది. మా వీధిలో అలాంటివి తొమ్మిది ఉండేవి. నీళ్లు అందడం లేదని కొందరు నేలలో గుంత తవ్వి అందులో పంపు పెట్టుకున్నారు. వాన పడితే ఆ గుంత నిండుతుంది, పంపు మూతి మురుగులో మునుగుతుంది. మీ వీధిలో మొదట ఈ రెండూ ఉన్నాయేమో చూడండి.

ఎరుపు సంగతికి వస్తే, పాత జీఐ పైపు (జింకు పూత ఇనప పైపు) లోపల తుప్పు పట్టి, నీళ్లు రాగానే ఆ తుప్పు కొట్టుకొస్తుంది. దానంతట అది విరేచనాలు తేదు. కానీ ఆ మడ్డి క్లోరిన్ని తినేస్తుంది, సూక్ష్మజీవులు దాని చాటున దాక్కుంటాయి. అందుకే మొదటి పది నిమిషాల నీళ్లు ఒక సీసాలో, తేటపడ్డాక ఇంకో సీసాలో పట్టి రెండూ పరీక్ష చేయించండి. పట్టేది మీ ఇంటి దగ్గరా, లైను చివరి ఇంటి దగ్గరా. ట్యాంకు దగ్గర పట్టి "బాగానే ఉన్నాయి" అని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. కిట్టు మీ ఊళ్లో ఎవరి దగ్గర ఉందో సచివాలయంలో అడగండి. బోరు నీళ్లయితే గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో ఫ్లోరైడ్ కూడా చూపించండి, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫ్లోరైడ్ కాచినా పోదు. సూక్ష్మజీవుల విషయంలో మాత్రం నీళ్లు తెర్లి ఒక నిమిషం కాగితే చాలు.

క్యాన్ కొనడం తప్పని నేను అనను, మేమూ కొన్నాళ్లు కొన్నాం. కానీ తాగేది క్యాన్, బియ్యం కడిగేది పంపు, గిన్నెలు కడిగేది పంపు, పిల్లలు నోరు పుక్కిలించేది పంపు. మా వాడు జబ్బుపడిన ఇంట్లోనూ క్యాన్ ఉంది. పైగా ఆ నీళ్లలో మామూలుగా క్లోరిన్ మిగలదు. క్యాన్ లోపల పాచి ఉంటే, ముంచే గ్లాసు మురికిదైతే, నీళ్లని కాపాడేది ఏమీ లేదు.

బ్లీచింగ్ గురించి ఒక మాట. మంచి పౌడరులో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది. బస్తా మూతి తెరిచి తేమలో పడేస్తే అది ఎగిరిపోతుంది. మా ట్యాంకు గదిలో బస్తాకి ఘాటే లేదు, సున్నంలా ఉంది. వెయ్యి లీటర్లకి 2.5 గ్రాములు మామూలు లెక్క, మా 40,000 లీటర్ల ట్యాంకుకి వంద గ్రాములన్నమాట. బకెట్లో కలిపి, అడుక్కి దిగాక పై తేట మాత్రమే ట్యాంకులో పోయాలి, కనీసం అరగంట ఆగి వదలాలి. చివరి ఇంట్లో పసుపు రంగు రాకపోతే లెక్క పెంచి ఊరుకోవద్దు, పగులు వెతకాలి.

మాకు 15వ ఆర్థిక సంఘం నిధుల్లోంచి డబ్బు పెట్టారు. 2026 మార్చి దాకా ఉన్న ఆ గ్రాంటులో 30 శాతం తాగునీళ్లు, వాననీటి సంరక్షణ లాంటి వాటికే వాడాలని ఉండేది, ఇప్పటి నిధులకి లెక్క ఏమిటో గ్రామసభలో అడగండి. కాలవ అడుగునున్న ముక్క వదిలేసి, రోడ్డుకి అవతలి పక్క కొత్త పైపు వేశారు. మీది ముప్పై ఏళ్ల లైను కాబట్టి ఆస్బెస్టాస్ సిమెంటు పైపు కావచ్చు. అలాగైతే పొడిగా కోయనివ్వకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చాలా చేటు. తడుపుతూ కోయాలి, పిల్లలు దగ్గర ఉండకూడదు. కొత్త లైనులో ఎక్కువ క్లోరిన్ నీళ్లు నింపి, ఒక రాత్రి ఉంచి, పొద్దున మొత్తం బయటికి వదిలాకే ఇళ్లకి ఇచ్చారు.

పైపు మార్చడం మూడు రోజుల పని. మోటార్లు తీయించడానికి రెండు నెలలు పట్టింది. "నీ ఇంటికి నీళ్లు వస్తాయి కాబట్టి చెబుతున్నావ్" అని మా పెద్దమ్మే నా ముఖం మీద అంది. ఆమె మాటలో నిజముంది, వాళ్ల ఇల్లు మిట్ట మీద ఉంది. మిట్టకి విడిగా వాల్వు పెట్టి, ముందు అరగంట వాళ్లకే వదలడం మొదలుపెట్టాక ఆమె మోటారు ఆమే విప్పించింది. మిగతావి వాటంతటవే పోయాయి.

ఇప్పుడు ప్రతి గురువారం చివరి ఇంటి దగ్గర చుక్కలు వేసి చూస్తాను, రంగు ఎంత వచ్చిందో సచివాలయం గోడ మీద చార్టులో రాస్తాను. ఊళ్లో ఇంకా రెండు వీధులకి పాత లైనే ఉంది. అక్కడ కాచుకుని తాగమని ఇంటింటికీ చెప్పాం, ఆశా కార్యకర్త క్లోరిన్ బిళ్లలు ఇస్తోంది. మీ సీసాలో ఏ రంగు వచ్చిందో, ఏ ఇంటి దగ్గర వచ్చిందో రాయండి. లైను ఎటు పోతుందో, ఎక్కడెక్కడ కాలవ దాటుతుందో కూడా చెబితే తవ్వకం ఎక్కడ మొదలుపెట్టాలో కలిసి ఆలోచిద్దాం.