ఎలుకల స్లైడ్లు లెక్కపెట్టే ముందు

బుజ్జీ,

నీకు మైక్రోన్యూక్లియస్ పని, అంటే ఒక మందు క్రోమోజోములను దెబ్బతీస్తుందో లేదో ఎలుకల్లో చూసే పరీక్ష, అప్పజెప్పారని, సైక్లోఫాస్ఫమైడ్ పాజిటివ్ కంట్రోల్, అంటే దెబ్బ తప్పక చూపిస్తుందని ముందే తెలిసిన పోలిక మందు, అని మీ అమ్మ చెప్పింది. పద్ధతి నీ దగ్గర ఉంటుంది కాబట్టి అందులో రాయనివే చెబుతాను.

ముందు నీ చేతుల సంగతి. సైక్లోఫాస్ఫమైడ్ క్యాన్సర్‌కి మందే, కానీ మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ మొదటి గ్రూపులో పెట్టిన మందు కూడా. ఇంజెక్షన్ చేశాక పని అయిపోయిందనుకోకు, మందూ దాని ముక్కలూ మూత్రంలో బయటికొస్తాయి, అంటే బోనులో పొట్టు మార్చేటప్పుడూ గ్లౌజులు, మాస్కు ఉండాల్సిందే. మా రోజుల్లో ఉత్త చేతులతో తీసేవాళ్ళం, ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది.

ఈ మందు నేరుగా పనిచేయదు, కాలేయం దాన్ని మార్చాకే డీఎన్ఏ పోగులను ఒకదానికొకటి అతికించేస్తుంది. దాంతో క్రోమోజోములు తెగుతాయి, ఆ కణం విభజన చెందేటప్పుడు తెగిన ముక్క వెనకబడిపోతుంది, తర్వాత ఎర్రకణం తన కేంద్రకాన్ని బయటికి తోసేసినా ఆ ముక్క మాత్రం లోపలే చుక్కలా మిగిలిపోతుంది, ఆ చుక్కే మైక్రోన్యూక్లియస్. ఇదంతా జరగడానికి టైం పడుతుంది, అందుకే ఒక్క డోసిస్తే, ఎర్రకణాలు పుట్టే ఎముక మజ్జను 24 గంటలకు ముందు తీయకూడదు, 48 దాటనివ్వకూడదు. విన్‌క్రిస్టిన్ అనే ఇంకో క్యాన్సర్ మందు ఇచ్చినా చుక్క కనిపిస్తుంది గానీ అక్కడ తెగడం కాదు, విభజనలో క్రోమోజోములను చెరోవైపు లాగే కదురు దెబ్బతిని క్రోమోజోమ్ మొత్తం వెనకబడుతుంది. రెంటినీ ఒకే గాటన కట్టేయకు.

ఇక లెక్క. ఒక్కో ఎలుకకు 4000 లేత ఎర్రకణాలు చూడాలి. పాత పేపర్లలో 2000 అనే ఉంటుంది, ఇలాంటి పరీక్షలకు అంతర్జాతీయ పద్ధతులు రాసే ఓఈసీడీ 2014లో పెంచింది. స్లైడ్లకు వేసే గీమ్సా రంగు వడకట్టకుండా వాడితే రంగు నలకలు అచ్చం మైక్రోన్యూక్లియస్‌లాగే మోసం చేస్తాయి. అనుమానమొస్తే మైక్రోస్కోప్ ఫైన్ ఫోకస్ కొంచెం తిప్పు, నలక మెరుస్తుంది, అసలైనది మెరవదు. లేత కణాలకీ ముదురు కణాలకీ నిష్పత్తి కూడా రాసుకో, అది పడిపోతే మందు మజ్జను తాకినట్టే. ఈ నిష్పత్తి వదిలేసి "మా మందు సురక్షితం" అని రాసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, మందు మజ్జ దాకా చేరిందో లేదో తేల్చకుండా సురక్షితం ఎలా అవుతుంది చెప్పు?

నా మొదటి సెట్‌లో మందిచ్చిన స్లైడ్లు ఏవో నాకు ముందే తెలుసు. వాటిలో ప్రతి మచ్చా మైక్రోన్యూక్లియస్ లాగే కనిపించింది, మందివ్వని కంట్రోల్ స్లైడ్లలో అదే మచ్చ నలక అయిపోయింది. మా సార్ లేబుళ్ళ మీద కాగితం అంటించి మళ్ళీ లెక్కపెట్టమన్నారు, తేడా బాగా తగ్గిపోయింది. అబద్ధం రాయాలని రాసింది కాదు, కళ్ళే అలా చూశాయి. సైక్లోఫాస్ఫమైడ్ ఎలాగూ గట్టిగానే చూపిస్తుంది, దానికి మన సాయం అక్కర్లేదు. నువ్వు పరీక్షించే అసలు మందు ప్రభావం చిన్నదైతే మాత్రం ఈ పొరపాటుతో ఫలితమే మారిపోతుంది.

కాబట్టి స్లైడ్లకి నంబర్లు వేరేవాళ్ళతో వేయించు. ఆ నంబర్ల చీటీ నీ డ్రాయర్లో పెట్టుకోకు, లెక్క పూర్తయ్యేదాకా పక్క ల్యాబ్ వాళ్ళ దగ్గరే ఉంచు.

మీ పెద్దమ్మ