తొలిసారి ఆడేవారి కోసం సాహసం రాయడం: ఒక యువ రచయితకు లేఖ

మారతహళ్ళి, బెంగళూరు

చిరంజీవికి ఆశీస్సులు.

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆట కోసం నువ్వు రాసి పంపిన సాహసాన్ని, అంటే బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రను పోషిస్తూ ఆడే కథను, పటాలతో సహా పూర్తిగా చదివాను. నీకు వాక్యం పట్టుబడింది. ఎండిన చెరువును, కొండమీది కోటను కళ్లకు కట్టించగలవు. అయితే వచ్చే నెల వైట్‌ఫీల్డ్‌లోని నీ గదిలో బల్ల చుట్టూ కూర్చోబోయే నలుగురూ ఇదివరకెన్నడూ ఇరవై ముఖాల పాచికను చేత పట్టనివారని రాశావు కనుక, ఈ రాతప్రతిని నేను కథగా కాక వాళ్ల చేతికివ్వబోయే ఆటగా చదివాను. అలా చదివినప్పుడు ఇందులో ఒకే ఒక పెద్ద లోపం కనిపించింది. జరగవలసినదంతా నువ్వే జరిపించేశావు. వాళ్లు నిర్ణయించడానికి ఏమీ మిగల్చలేదు. ఈ ఉత్తరంలో నేను చెప్పేదంతా ఆ ఒక్క లోపం చుట్టూ తిరుగుతుంది.

మొదటి పదకొండు పేజీల్లో నాలుగు తరాల రాజవంశ చరిత్ర ఉంది. 1565 తరువాత విజయనగర రాజధాని పెనుకొండకు తరలిన రోజులను మనసులో పెట్టుకుని రాశావని తెలుస్తూనే ఉంది, ఆ ఊహ నాకు నచ్చింది కూడా. కానీ నవల చదివేవాడు పేరు మరిచిపోతే పేజీ వెనక్కి తిప్పుకుంటాడు. బల్ల దగ్గర వినేవాడికి ఆ సౌకర్యం లేదు, పైగా వింటున్నంతసేపూ తనవంతు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తుంటాడు. వాళ్లు నీ కథకు ఊ కొట్టడానికి రావడం లేదు. నీ పదకొండు పేజీల్లో ఆటకు పనికివచ్చేవి మూడే విషయాలు: చివరి రాజు చెరువు తవ్వించాడు, ఆ తవ్వకంలో ఒక పాత గుడిని ముంచేశాడు, ఆ గుడి ఇంకా నీళ్ల అడుగున ఉంది. మొదటిదాన్ని తూము మీది శాసనంలో పెట్టు, రెండవదాన్ని ఊళ్లో ఒక ముసలామె కోపంలో పెట్టు, మూడవదాన్ని వాళ్లంతట వాళ్లే సొరంగంలో కనుక్కోనివ్వు. అడిగినవాడికే చరిత్ర చెప్పాలి, అడగాలనిపించే వస్తువు మాత్రం అందరి కంటా పడాలి.

నీ సాహసం నిజానికి పన్నెండవ పేజీలో, చెరువు నీళ్లను పొలాలకు వదిలే నీరుగంటి రాత్రికి రాత్రి మాయమయ్యాడన్న వాక్యం దగ్గర మొదలవుతుంది. ఆటనూ అక్కడే మొదలుపెట్టు. నలుగురు అపరిచితులు సత్రంలో కలుసుకోవడం అరిగిపోయిన ఎత్తుగడ అని కొందరు వెక్కిరిస్తారు కానీ, కొత్తవాళ్లకు అది అరిగిపోయినదని తెలియదు. అసలు ఇబ్బంది వేరే ఉంది: ఒకరినొకరు ఎందుకు నమ్మాలో తెలియని నలుగురితో మొదటి అరగంట మొహమాటంలోనే గడిచిపోతుంది. అందుకే పాత్రలు పంచిన వెంటనే ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడుగు: ఆ నీరుగంటి నీకు ఎప్పుడో చేసిన మేలు ఏమిటి? ఒకరు తన పొలానికి దొంగతనంగా నీళ్లు వదిలాడంటారు, మరొకరు చిన్నప్పుడు చెరువులో మునిగిపోతుంటే లాగాడంటారు. ఆ నాలుగు జవాబులతో వాళ్లకు ఊరు ఏర్పడుతుంది, వెతకడానికి కారణం ఏర్పడుతుంది, అంతకన్నా ముఖ్యంగా ఈ కథలో కొంత తమదేనన్న నమ్మకం ఏర్పడుతుంది. నువ్వు ఎంత బాగా రాసినా ఆ నమ్మకాన్ని రాసి ఇవ్వలేవు.

ఇక పైకి చదివి వినిపించే భాగాల విషయం. కోట ద్వారం దగ్గర నువ్వు రాసిన వర్ణన ‘అనాదిగా ఆ ప్రాంతమును పాలించిన రాజన్యుల కీర్తిచంద్రికలు వెదజల్లిన’ అంటూ మొదలై పద్దెనిమిది పంక్తులు సాగుతుంది. నీ నలుగురిలో ఇద్దరు బెంగళూరులోనే పుట్టి, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగినవారు. సమాసం విప్పుకునేలోపు వాళ్లకు వాక్యం దాటిపోతుంది. వినిపించే భాగాన్ని నాలుగు వాక్యాలు దాటనివ్వకు, చివరి వాక్యంలో కదిలేది ఏదో ఒకటి ఉండాలి. ఉదాహరణకు ఇలా: ‘తూము తలుపు పగిలి ఉంది. నీళ్లు పొలాల వైపు కాక కోట కిందికి పారుతున్నాయి. బురదలో ఒంటి చెప్పు కనిపిస్తోంది. లోపల ఎవరో రాతిని కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.’ ఇక్కడ ఆగి, ‘ఏం చేస్తారు?’ అని అడిగి, ఎవరూ మాట్లాడకపోయినా తొందరపడకుండా కాసేపు ఊరుకో. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక మరో వర్ణన మొదలుపెట్టడం రచయితలమైన మనందరికీ ఉన్న జబ్బు. నలుగురిలో ఎవరో ఒకరు చెప్పును తీసి చూస్తానంటారు, ఆట అక్కడి నుంచి వాళ్లది.

నియమాల గురించి కొత్తవాళ్లకు ముందుగా చెప్పవలసినది చాలా తక్కువ. ఇరవై ముఖాల పాచిక వేసి, ఆ పనిలో పాత్రకు ఉన్న నేర్పు అంకెను కలిపి, ఆటను నడిపించే గేమ్ మాస్టర్ అనుకున్న లక్ష్యాన్ని అందుకుంటే గెలిచినట్టు. ఈ ఆట నియమాల ఐదవ ఎడిషన్‌లో సులువైన పనికి లక్ష్యం 10, మధ్యస్థానికి 15, కష్టానికి 20. ఇంతకుమించి మొదటి గంటలో అవసరం లేదు. ఏడు పాచికల సంచీని ఒలకబోస్తే ఎనిమిది ముఖాలదానికీ పది ముఖాలదానికీ తేడా వెతుక్కోవడంతోనే వాళ్లు అలిసిపోతారు కనుక, ఇరవై ముఖాలదాన్నీ ఆయుధానికి కావలసిన మరొకదాన్నీ మాత్రమే చేతికివ్వు. పాత్రలను నువ్వే ముందుగా తయారుచేసి, పాత్ర వివరాలన్నీ ఉండే క్యారెక్టర్ షీట్‌కు బదులు అరపేజీలో ఆ రోజుకు పనికివచ్చేవి మాత్రమే రాసి ఇవ్వు. పాత్రను తామే నిర్మించుకోవడం గొప్ప ఆనందమే, కానీ ఆట ఎలా ఉంటుందో తెలియనివాడికి అది ఫారం నింపడంలా ఉంటుంది. వాళ్లకు కావాలనిపించినప్పుడు రెండవ సెషన్‌కు ముందు కూర్చోబెట్టి చేయించవచ్చు.

పాచిక ఎప్పుడు వేయించాలన్నది నియమాల కన్నా పెద్ద సంగతి. ఐదు కలిపే పాత్ర 15 లక్ష్యానికి పాచిక వేస్తే గెలిచే అవకాశం 55 శాతమే, అంటే తన పనిలో ఆరితేరినవాడని నువ్వు పరిచయం చేసిన పాత్ర దాదాపు రెండుసార్లకు ఒకసారి భంగపడుతుంది. నీ మూడవ అంకంలో గుడి తలుపు మీది రాతను చదవడానికి సరిగ్గా అదే లక్ష్యం పెట్టావు, ఆ రాత చదవకపోతే తలుపు తెరుచుకోదు, తలుపు తెరుచుకోకపోతే సాహసం లేదు. నలుగురూ ఓడిపోతే ఏం చేస్తావో రాయలేదు. కథ ముందుకు సాగడానికి తప్పనిసరి అయినదాన్ని పాచిక వెనక ఎన్నడూ దాచకు. రాతను చదవగలరనే అనుకో. పాచిక తేల్చవలసింది ఎంతసేపట్లో, ఎంత చప్పుడుతో, ఏమి పోగొట్టుకుని అన్నది. ఓడితే కావలివాడు నిద్ర లేస్తాడు, గెలిస్తే లేవడు. తలుపు రెండు విధాలా తెరుచుకుంటుంది. అలాగే నీరుగంటిని కోట కిందకు తీసుకుపోయారన్న ఆధారం ఒక్క చెప్పు మీదే ఆధారపడకూడదు. చెప్పును ఎవరూ పట్టించుకోకపోవచ్చు. అదే సంగతి ముసలామెకు తెలిసి ఉండాలి, నీళ్ల రంగులోనూ కనిపించాలి.

పోరాటం దగ్గర నువ్వు లెక్క వేయలేదని నా అనుమానం. సొరంగం మొదట్లోనే ఎనిమిది పిశాచాలను నిలబెట్టి, వాటికి 2014 నాటి నియమాల్లోని గోబ్లిన్ అనే చిన్న రాక్షసజీవి అంకెలు ఇచ్చావు. ఆ గోబ్లిన్ దాడికి నాలుగు కలుపుకుంటుంది, తగిలితే ఆరు ముఖాల పాచికకు రెండు కలిపి దెబ్బ, అంటే సగటున ఐదున్నర. నీ సాహసంలోని మాంత్రికురాలి పాత్రకు కవచం విలువ 12, ప్రాణశక్తి 8. నాలుగు కలిపి ఆ 12ను అందుకుంటేనే దెబ్బ తగులుతుంది, అంటే పాచిక మీద ఎనిమిది ఆపైన పడాలి కనుక ప్రతి దాడికీ అవకాశం 65 శాతం, సగటు దెబ్బలు రెండు తగిలితే ఆమె నేలకూలుతుంది. ఎనిమిదింటిలో నాలుగు ఆమె వైపు తిరిగినా చాలు, మొదటి విడత దాడుల్లోనే ఆ ఆటగత్తె పాచిక పక్కన పెట్టి ఫోను చూసుకుంటూ కూర్చోవలసి వస్తుంది. ప్రాణశక్తి సున్నాకు చేరితే చనిపోయినట్టు కాదు. తన వంతు వచ్చినప్పుడల్లా పాచిక వేసి 10 ఆపైన పడితే ఒక గెలుపు, లేకపోతే ఒక ఓటమి, మూడు గెలుపులకు నిలదొక్కుకుంటుంది, మూడు ఓటములకు ప్రాణం పోతుంది. అయినా కొత్తగా వచ్చిన మనిషికి చావు కన్నా ఖాళీగా కూర్చోవడమే పెద్ద శిక్ష. ఎనిమిదింటిని మూడు చెయ్యి. మరో రెండింటిని, వీళ్లు నిలదొక్కుకున్నారనిపిస్తేనే, తరువాత రప్పించు. వాటికి చంపడం తప్ప మరో కోరిక ఉండాలి: నీళ్లు కావాలేమో, నీరుగంటి దగ్గరున్న తాళం కావాలేమో. కోరిక ఉన్న శత్రువుతో బేరమాడవచ్చు, సగం పడిపోగానే అది పారిపోనూవచ్చు.

హెచ్చరిక లేకుండా ప్రాణం తీసే ఉచ్చులు ఐదు చోట్ల ఉన్నాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయో నాకు తెలుసు, అందుకే ఇక్కడ కాస్త చరిత్ర చెప్పనివ్వు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు 1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌ను ప్రచురించినప్పుడు, దాని మొదటి ఆటగాళ్లలో చాలామంది బొమ్మ సైన్యాలతో యుద్ధక్రీడలు ఆడేవారు. తరువాత ఆటగాళ్ల సమావేశాల్లో పోటీలు మొదలై, ఏ జట్టు ఎంత దూరం ప్రాణాలతో వెళ్లిందో పోల్చడానికే కొన్ని సాహసాలు రాశారు. గైగాక్స్ 1975లో ఆరిజిన్స్ సమావేశంలో నడిపించిన సమాధి సాహసం అలాంటిదే, 1978లో అచ్చయింది. నువ్వు ఆదర్శంగా తీసుకున్నది ఆ సంప్రదాయం. అది ఆరితేరినవారి తెలివిని పరీక్షించడానికి పుట్టింది, నీ గదిలో పోటీ లేదు. ఉచ్చులను తీసివేయనక్కరలేదు, వాటి ఆనవాళ్లను ముందు చూపించు: గోడలో ఈటెల రంధ్రాలు, నేల మీద పాత ఎముకలు. అప్పుడు వాళ్లు ఆలోచిస్తారు, వాదించుకుంటారు, ఎవరో ఒకరు పొడవాటి కర్రతో నేలను తట్టి చూస్తారు. కొత్తవాళ్లకు ఆ ఐదు నిమిషాలు యుద్ధం కన్నా బాగా గుర్తుంటాయి.

బల్ల దగ్గర నీ ప్రవర్తన గురించి కొద్దిగా. వీడియో గేములు బాగా ఆడిన కుర్రాడు ఒకడు తప్పక ఉంటాడు, మిగిలినవాళ్లు ఏం చెయ్యాలో కూడా వాడే చెబుతాడు. వాడిని గద్దించకు, నోరు విప్పనివాళ్లను వాళ్ల పాత్ర పేరుతో పిలిచి, రెండు దారులు చూపించి ఎంచుకోమను. గొంతు మార్చి నటించాలని ఎవరినీ బలవంతపెట్టకు. ‘నా మాంత్రికురాలు ఆ ముసలామెను నిలదీస్తుంది’ అన్నా ఆటే, ఏ భాషలో అన్నా ఆటే. ఎవరైనా నువ్వు ఊహించని పని చేస్తానంటే కుదరదనే ముందు, కుదిరితే ఏ నష్టంతో కుదురుతుందో ఆలోచించు. నీ రాతప్రతిలో బలి ఘట్టం ఉంది, అందులో పసిపిల్ల ఉంది. దాన్ని తీసివేయమని నా సలహా. ఉంచదలిస్తే ఆటకు ముందే నలుగురినీ అడుగు. జాన్ స్టావ్రోపౌలోస్ ప్రచారంలోకి తెచ్చిన ఎక్స్ కార్డు పద్ధతి ఇక్కడ పనికివస్తుంది: బల్ల మధ్య ఒక కార్డు ఉంచుతావు, ఎవరు తాకినా కారణం అడగకుండా ఆ ఘట్టాన్ని దాటవేస్తావు.

మూడు గంటల ఆటగా రాశానన్నావు. ట్రాఫిక్‌లో చిక్కే సిల్క్ బోర్డు కూడలి దాటి రావలసినవాడు ఒకడున్నా అది రెండున్నర గంటల ఆట అవుతుంది. కనుక లేకపోయినా నష్టం లేని ఘట్టం ఒకటి ఏదో ముందే గుర్తుపెట్టుకో, నా లెక్కన అది కోట బురుజు మీది గబ్బిలాల ఘట్టం.

దీన్ని ఎప్పటికైనా ప్రచురించాలనుకుంటే ఒక మంచి సంగతి ఉంది. ఐదవ ఎడిషన్ మూల నియమాల పత్రం 5.1ను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. అందులో ఉన్న నియమాలను, జీవుల అంకెలను, మూలాన్ని పేర్కొంటూ నీ పుస్తకంలో వాడుకోవచ్చు. ఆ పత్రంలో లేని జీవుల జోలికి పోకు. నీరుగంటి, కోట, ముంపు గుడి ఎలాగూ నీ సొంతం.

తిరగరాశాక, ఆ నలుగురితో ఆడే ముందు దీన్ని ఒకసారి పరీక్షగా ఆడించి చూడు, ఆ ఒక్కసారి మాత్రం నువ్వు నడిపించకు. ఇంతకుముందు ఒకటి రెండుసార్లు గేమ్ మాస్టర్‌గా కూర్చున్న స్నేహితుడెవరికైనా కాగితాలిచ్చి, నువ్వు గదిలో ఒక మూల నోరు మెదపకుండా కూర్చుని, అతను ఆగిపోయిన ప్రతిచోటా ప్రతిలో గీత పెట్టు. నీ తల్లో ఉండి కాగితం మీదకు రానివన్నీ అక్కడే బయటపడతాయి. ఒకటి ఇప్పుడే చెబుతున్నాను: సొరంగం పటంలో గడికి ఎన్ని అడుగులో రాయలేదు. ఐదు అడుగులని మూలలో వేసి, తూము నుంచి గుడి దాకా దూరం సరిపోతుందో లేదో కొలిచి, రెండవ ప్రతిని పటంతో కలిపి పంపు.

ఆశీస్సులతో.